కొస దోపిన తలపాగా

మా ఇంటి మగవాళ్ళు తలపాగా కొసను ఎడమ భుజం మీదికి వదిలేవారు. గేటు దగ్గర కావలి ఉండేవాళ్ళు కొసను వెనక దోపుకునేవారు. ఎవరు ఎవరో దూరం నుంచే తెలిసేది. తాతగారు తలపాగా చుట్టుకుంటుంటే, వసారా ఆ చివర బట్టను బిగించి పట్టుకోవడం నా పని. నడుం వంగితే ఆయన ఊరుకునేవారు కాదు.

పొలాలు పోయాయి, చివరికి ఇల్లూ పోయింది. ఆ ఇల్లు కొన్నాయన కొడుకు ఇక్కడ అమెరికాలో, ఫార్మింగ్టన్ హిల్స్‌లో మాకు నాలుగు వీధుల అవతలే ఉంటాడు. తన కొడుకు పెళ్ళి శుభలేఖ మీద మా సింహద్వారం బొమ్మ వేయించి, కింద 'మా తాతల నాటి ఇల్లు' అని రాయించాడు. ఆ శుభలేఖ ఇవ్వడానికి మా ఇంటికే వచ్చాడు.

"అక్కా, పెళ్ళికొడుక్కి టర్బన్ మీరే కట్టాలి. రెడీమేడ్‌ది వద్దు. మా ఇంటి స్టైల్ మీకొక్కరికే తెలుసని నాన్న చెప్పాడు."

"మీ ఇంటి స్టైలా?"

"అదే అక్కా, ఇప్పుడు మాదేగా!" అని నవ్వాడు.

కడతానన్నాను.

పెళ్ళిరోజు పొద్దున హోటల్ గదిలో బట్ట రెండో చివర మా అమ్మాయి పట్టుకుంది. "అమ్మా, నా ఆర్మ్ పెయిన్ అవుతుంది" అంటే, నిటారుగా నిలబడమన్నాను. చుట్లన్నీ బిగించి, కొసను వెనక దోపేశాను. మా ద్వారం తనదన్నవాడి కొడుకును ఆ ద్వారం బయట కావలి నిలబెట్టాను.

"సూపర్ అక్కా! ఫుల్ రాయల్ లుక్!" అని తండ్రి మురిసిపోయాడు.

హాలు నిండా జనం. ఒక్క పెద్దాయనైనా ముఖం చిట్లిస్తాడేమోనని భోజనాల దాకా చూశాను. ఎవరికీ తెలియలేదు. చదవడం రానివాళ్ళకు తిట్టు రాసి పంపినట్టయింది.

కారెక్కాక అమ్మాయికి చెప్పాను.

"దట్స్ సో మీన్, అమ్మా" అంది. కాసేపటికి ఫోన్‌లో ఫొటో పెద్దది చేసి చూసింది. "మరి మనది ఎలా ఉంటుంది?"

దానికి పదిహేడేళ్ళు. నేనెప్పుడూ చూపించలేదు. ఆడపిల్లకెందుకని తాతగారు నా తలకు ఒక్కసారి కూడా చుట్టలేదు.

ఇంటికి రాగానే బీరువాలోంచి నా పట్టుచీర తీసి, అమ్మాయిని అద్దం ముందు నిలబెట్టి తలకు చుట్టాను. కొస ఎడమ భుజం మీదికి వదిలాను. తర్వాత విప్పేసి, రెండోది, కొస వెనక దోపేది కూడా నేర్పాను. వాళ్ళకింకో కొడుకున్నాడు. వాడి పెళ్ళికీ నన్నే పిలుస్తారు. ఆ రోజు నేను కొస దోపుతుంటే, అదేమిటో తెలిసినవాళ్ళు గదిలో ఇంకొకరు ఉంటారు.