వదినగారి పాలు, నా తిప్పుడు మిషను

మొన్న మా కోడలు వాషింగ్ మెషీన్‌లో బరువైన దుప్పటి ఒక్కటే వేసి తిప్పితే, నీళ్ళు పిండే సమయానికి అది పూనకం వచ్చినట్టు ఊగిపోతూ గోడ దగ్గర నుంచి వంటగది గుమ్మం దాకా నడిచొచ్చింది. పిల్ల హడలిపోయి మెకానిక్‌కి ఫోన్ చేయబోతుంటే, నేను స్విచ్ ఆపి, దుప్పటి ఒక పక్కకి సర్ది, ఎదుటి పక్కన తడి తువ్వాళ్ళు వేసి మళ్ళీ తిప్పాను. బుద్ధిగా తిరిగింది. ఈ విద్య ఎక్కడ నేర్చుకున్నారని అడిగితే పాలకేంద్రంలో అన్నాను, ఆ పిల్ల నమ్మలేదు.

రెండువేల సంవత్సరం దాటిన తొలిరోజులవి. మా అత్తవారిది ఏలూరులో తివాచీలు నేసే కుటుంబం. నా బి.ఎస్సీ. చదువు అటకెక్కకూడదని మా మామగారే పట్టుబట్టి నన్ను ఉద్యోగానికి పంపారు. మధ్యాహ్నం బస్సెక్కి, కొల్లేరు దాటి, ముదినేపల్లి వైపు ఒక ఊళ్ళో దిగి, అక్కడి పాలకేంద్రంలో సాయంత్రం పాలు పరీక్ష చేసి, చీకటి ముదరకముందే తిరుగు బస్సు అందుకోవాలి. యాసిడ్ చుక్కలు పడి నా చీరలన్నీ జల్లెళ్ళయ్యేవి. ఇంటిల్లిపాదీ పోగూ పోగూ కలిపి నేస్తుంటే ఈ పిల్ల ఒక్కతే చిల్లులు పెట్టుకొస్తోందని మా అత్తగారు వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వేవారు.

పాలలో ఫ్యాటు, అంటే వెన్న, ఎంతుందో తేల్చడం నా పని, దాన్నిబట్టే పాలకి ధర. పని చిన్నదే గాని ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేయాలి. ఒక చివర నోరు, రెండో చివర మూసుకుపోయిన సన్నటి గీతల మెడ ఉన్న గాజుగొట్టంలో ముందు యాసిడ్, దానిమీద గోడ వెంబడి జారేటట్టు పాలు, ఆపైన ముక్కుపుటాలదిరే స్పిరిటు లాంటిది కాస్త పోసి, బిరడా బిగించి కలిపితే గొట్టం చెయ్యి కాలేటంత వేడెక్కి, పాలు కాఫీ డికాషన్ రంగుకి తిరిగేవి. అప్పుడు ఆ గొట్టాలను సెంట్రిఫ్యూజ్ అనే గుండ్రటి మిషనులో, మెడలు లోపలికీ బిరడాలు బయటికీ ఉండేలా పడుకోబెట్టి, మూత వేసి హ్యాండిల్ తిప్పాలి. కొల్లేటి రోడ్డు మీద బస్సు మలుపు తిరిగినప్పుడు మనం బయటి పక్కకి ఒరిగిపోతామే, అదే సూత్రం. బరువైనదంతా బయటి అంచుకి పోతుంది, తేలికైన వెన్న లోపలి పక్కకి, అంటే సన్నటి మెడలోకి చేరుతుంది. పాలను కదపకుండా ఉంచితే గంటలు గడిస్తే గాని తేలని మీగడను ఆ మిషను టీ తాగేలోగా తేల్చేది. ఒక్కటే నియమం, గొట్టానికి ఎదురుగా అంత బరువున్న గొట్టమే ఉండాలి. చేరిన కొత్తలో ఎదురు లేకుండా ఒంటిగొట్టం పెట్టి తిప్పితే మిషను బల్లతో సహా గెంతింది, పాలు పోయడానికొచ్చిన ఆడవాళ్ళు కేకలేస్తూ వీధిలోకి పరిగెత్తారు. ఆనాటి నుంచి దాని పేరు తిప్పుడు మిషను, నా పేరు ఫ్యాటమ్మగారు.

పాలు పోసినవాళ్ళు ఇళ్ళకి వెళ్ళేవారు కాదు. అరుగుమీద కూర్చుని అంకెల కోసం ఎదురుచూసేవారు. గొట్టం మెడలో పచ్చగా నిలిచిన వెన్న ఏ గీత దాకా ఉందో నేను చూసి చెబితే, కేంద్రం పెద్దాయన దాన్ని ఊరంతా వినబడేలా అరిచేవారు. ఎక్కువ ఫ్యాటు వచ్చినవాళ్ళు మిగిలినవాళ్ళకి టీ ఇప్పించాలి, అది అక్కడి ఆనవాయితీ.

ఆ పెద్దాయన తమ్ముడి భార్యను నేను వదినగారనే పిలిచేదాన్ని. ఆవిడ గేదె నిగనిగలాడుతూ ఏనుగుపిల్లలా ఉండేది, పాలు మాత్రం రోజూ అందరికంటే తక్కువ ఫ్యాటు చూపించేవి. నీళ్ళు కలిపితే పట్టిచ్చే లాక్టోమీటరు ఏ తప్పూ లేదనేది గాని, ఊళ్ళో దాని మాట ఎవరికి కావాలి? ఫ్యాటు తక్కువంటే నీళ్ళే అని తేల్చేశారు. పెద్దాయన మర్యాదస్థుడే, కానీ సొంత మరదలిని వెనకేసుకొస్తున్నాడన్న మాట పడలేక, రేపు కూడా ఇంతే వస్తే ఆ ఇంటి పాలు తీసుకోనని నలుగురిలో అనేశారు. బావగారి ఎదుట పడి మాట్లాడే అలవాటు ఆ ఇంట లేదు. ఆవిడ స్తంభం చాటున నిలబడి, కళ్ళనీళ్ళతో నాకే చెప్పింది.

"కలపలేదని బావగారికి చెప్పండమ్మా."

పెద్దాయన కూడా నా వైపే చూస్తూ, "రుజువేదని అడగండి అమ్మాయిగారూ" అన్నారు.

మర్నాడు నేను ముందు బస్సుకే వెళ్ళి వదినగారి పశువులపాక దగ్గర నిలబడ్డాను. ఆవిడ పాలు పితుకుతూ, పొదుగులో ఇంకా పాలుండగానే లేచి దూడను వదిలేసింది. నాకు నవ్వాగలేదు. ముందొచ్చే పాలు పలచన, వెన్నంతా ఆఖరి ధారల్లోనే ఉంటుంది. దూడను ఒక్క క్షణం పట్టుకోమని, ఆ ఆఖరి పాలు ఓ గ్లాసుడు విడిగా తీయించాను. కేంద్రంలో అందరి ముందూ మొదటి పాల గొట్టాన్నీ ఆఖరి పాల గొట్టాన్నీ ఎదురెదురుగా పెట్టాను. హ్యాండిల్ పెద్దాయనే తిప్పారు. మొదటిదానిలో వెన్న అడుగునే ఆగింది. రెండోదానిలో గీతల చివరిదాకా ఎక్కింది. అరుగంతా గొల్లున నవ్వింది.

పెద్దాయన మొహం విప్పారింది. "ఆఖరి పాలు కూడా పిండమని చెప్పండి అమ్మాయిగారూ, రోజూ టీ ఆవిడే ఇప్పించాలి!"

వదినగారు స్తంభం చాటు నుంచే అంది. "పోయినేడు పాలు చాలక దూడ చచ్చిపోయిందండి. దీని నోరు కొట్టి ఫ్యాటు తెచ్చుకోలేనండి. నీళ్ళు కలపలేదని బావగారిని ఒక్కమాట అనమనండి, చాలు."

ఈసారి పెద్దాయన నా వైపు చూడలేదు. స్తంభం వైపు తిరిగి, "కలపలేదమ్మా. నాదే తప్పు" అన్నారు.

మర్నాటి నుంచి ఆవిడ అంకె రాగానే ఆయన "అయిదు, దూడ తాగగా!" అని అరిచేవారు. అరుగుమీద వాళ్ళంతా "దూడ తాగగా!" అని వంతపాడేవారు. నాకు ఆ ఉద్యోగంలో అంత సంతోషం ఇంకెప్పుడూ కలగలేదు.

ఈమధ్య ఆ ఊరు పెళ్ళికి వెళ్ళి, కేంద్రంలోకి తొంగిచూశాను. యాసిడ్ లేదు, హ్యాండిల్ లేదు, చీరలకి చిల్లులూ పడవు. గిన్నెడు పాలు పెడితే ఎర్రటి అంకెలు వెలిగి చీటీ వచ్చేస్తుంది. మంచిదే. అరుగుమీద మాత్రం ఎవరూ లేరు. ఒక అమ్మాయి తన చీటీ చూసుకుని, మొహం చిన్నబుచ్చుకుని, క్యాను తీసుకుని బయల్దేరింది. ఆ పిల్లను ఏమైందని అడిగేవాళ్ళు అక్కడ లేరు. నేనే ఉండబట్టలేక గుమ్మంలో ఆపి, ఇంట్లో దూడ ఉందా అమ్మా అన్నాను.

"ఉందండి" అంది ఆ పిల్ల తెల్లబోయి. "మీకెవరు చెప్పారండి?"