నాలుగో మూల సందు

నా చిన్నప్పుడు నాకు రాని పని ఒకటి ఉంటుందన్న ఊహే ఉండేది కాదు. బందరులో ఎనిమిదో తరగతి చదువుతున్నాను. ఇంట్లో గడియారం ఆగినా, కుర్చీ కాలు ఊగినా ముందు చెయ్యి పెట్టేది నేనే. సగం బాగయ్యేవి, సగం ఇంకాస్త పాడయ్యేవి. నాకు మాత్రం బాగయినవే గుర్తుండేవి.

ఆ ఏడు మా క్లాసు టీచరుగారు రిటైరవుతున్నారు. అందరం ఆవిడతో కలిసి ఫోటో దిగాం. దాన్ని ఫ్రేము కట్టించి ఇద్దామని ఎవరో అనగానే నేను లేచి నిలబడ్డాను. కట్టించడం ఎందుకు, నేనే చేసి తెస్తానన్నాను. అది శుక్రవారం. వీడ్కోలు సభ సోమవారం. ఫోటో నా చేతికిచ్చేశారు.

నా ధీమాకి కారణం నా పక్కన కూర్చునే స్నేహితురాలు. వాళ్ళది గిలకలదిండి. వాళ్ళ నాన్న అక్కడ పడవలు కట్టే వడ్రంగి. నేను ఆయన్ని మావయ్యా అని పిలిచేదాన్ని. పడవలకి కోయగా మిగిలిన చెక్కముక్కలు వాళ్ళ పెరట్లో గుట్టగా పడి ఉండేవి. వాటిలో చాలావరకు పొయ్యిలోకే పోయేవి.

ఆదివారం పొద్దున్నే వెళ్ళాను. మావయ్య మాకు రంపం, సుత్తి, చిన్న మేకులు ఇచ్చి, చేతులు జాగ్రత్త అని చెప్పి తన పనిలో పడ్డారు. మేమిద్దరం గుట్టంతా తిరగేసి నాలుగు టేకు బద్దలు ఏరుకున్నాం. నా స్నేహితురాలు వాటిని ఓపిగ్గా చిత్రిక పట్టి నున్నగా చేసింది. రెండు బద్దలు మూలలో అతకాలంటే చివరలు ఏటవాలుగా కొయ్యాలని నాకు తెలుసు. కొలిచి గీసుకుని కోద్దామని అది అంది. కంటికి తెలుస్తూనే ఉంది కదా, గీతలెందుకని నేను రంపం అందుకున్నాను. ఎనిమిది చివరలూ నేనే కోశాను.

మూడు మూలలు నేను బిగించాను. గోరు కూడా దూరనంత చక్కగా అతికాయి. గర్వంగా చూసుకుని, ఆఖరి మూల నా స్నేహితురాలికి వదిలాను. అది ఎంత నొక్కినా ఆ మూల కలవలేదు. అగ్గిపుల్ల దూరేంత సందు మిగిలింది. ఇంకా గట్టిగా నొక్కితే మిగతా మూలలు కిర్రుమన్నాయి.

"మూడూ బాగా వచ్చాయి. నీ చెయ్యి పడగానే పాడైంది," అన్నాను.

అది బిందె తీసుకుని నీళ్ళకి వెళ్ళిపోయింది. చాలాసేపయినా రాలేదు. రేపు క్లాసులో అందరి ముందూ ఏం చెప్పాలో తోచక, నేను సందుగల ఫ్రేము పట్టుకుని మావయ్య దగ్గరికి వెళ్ళాను.

"ఏ మూల పాడైందమ్మా?" అని అడిగారు.

నాలుగోది చూపించాను. అది బిగించింది నేను కాదని కూడా చెప్పాను. ఆయన మేకులన్నీ ఊడబెరికి, నాలుగు బద్దల్నీ మళ్ళీ నేలమీద అదే వరసలో పెట్టారు. ఈసారి ఆ పాడైన మూలతోనే మొదలుపెట్టారు. అది ఇట్టే అతికింది. సందు లేదు. తర్వాతిది అతికింది, ఆ తర్వాతిదీ అతికింది. మిగిలింది పొద్దున నేను మొట్టమొదట బిగించిన మూల.

"ఇది నువ్వు బిగించమ్మా," అన్నారు.

బిగించబోయాను. కలవలేదు. మళ్ళీ అదే సందు, అగ్గిపుల్ల దూరేంత. అదే బద్ద, అదే కోత. పొద్దున గోరు కూడా దూరని చోటు ఇప్పుడు నా చేతుల్లో నోరు తెరుచుకుని ఉంది. 

"సందు ప్రతి కోతలోనూ రవ్వంత ఉందమ్మా," అన్నారాయన. "అదంతా పోగయి, ఆఖరున ఎవరు బిగిస్తే వాళ్ళ దగ్గర కనపడుద్ది."

అంతే. తిట్టలేదు, తన కూతురి తరఫున ఒక్క మాట కూడా అనలేదు. నేనే కుళాయి దగ్గరికి పరుగెత్తాను. బిందె ఎప్పుడో నిండింది. నా స్నేహితురాలు గట్టుమీద కూర్చుని ఉంది.

"కోసింది నేను. తప్పు నాదే," అన్నాను.

"నాకు తెలుసు."

"మరి అప్పుడే చెప్పలేదేం?"

"చెబితే వినేదానివా?"

 ఇద్దరం చెరోపక్కా పట్టుకుని బిందె మోసుకొచ్చాం.

మేము వచ్చేసరికి మావయ్య మూడు చెక్కలతో చిన్న తొట్టిలాంటిది చేసి, దాని గోడల్లో ఏటవాలుగా గాడి కోసి ఉంచారు. బద్దని అందులో పెట్టి, రంపం ఆ గాడిలో ఆడిస్తే ప్రతి కోతా ఒకే వాలుగా వస్తుంది. మధ్యాహ్నం దాకా ఇద్దరం వంతులవారీగా మళ్ళీ కోశాం. నాలుగు మూలలూ కలిశాయి. అయితే రెండోసారి కోయడంతో ఫ్రేము కాస్త చిన్నదైంది. ఫోటోలో వరస చివర నిలబడిన నా భుజం సగం చెక్క కిందికి వెళ్ళిపోయింది. సోమవారం సభలో ఈ ఫ్రేము చేసింది ఎవరని టీచరుగారు అడిగితే నేను ముందు నా స్నేహితురాలి పేరు చెప్పాను.

పెద్దయ్యాక నేను లెక్కల టీచర్నయ్యాను. గుడివాడ దగ్గర ఒక ఊరి బళ్ళో చాలా ఏళ్ళు చెప్పి, అక్కడే హెడ్మిస్ట్రెస్‌నయ్యాను. ఒక ఏడాది పదో తరగతిలో సగంమంది పిల్లలు లెక్కల్లో తప్పారు. మీటింగులో అందరూ పదో తరగతికి లెక్కలు చెప్పిన కొత్త టీచరుమీద పడ్డారు. ఆవిడ తల వంచుకుని కూర్చుంది. నేను పిల్లల నోటుపుస్తకాలు తెప్పించి, రెండు రోజులు కూర్చుని చూశాను. పదో తరగతి పాఠాలు వాళ్ళకి అర్థమయ్యే ఉన్నాయి. లెక్క తప్పుతున్నది భిన్నాల దగ్గర. భిన్నాలు ఆరో తరగతిలో చెబుతాం. ఆ పిల్లలకి ఆరో తరగతిలో లెక్కలు చెప్పింది నేను.

మళ్ళీ మీటింగు పెట్టి ఆ మాట అందరి ముందూ చెప్పాను. మర్నాటినుంచి రోజూ సాయంత్రం ఒక గంట ఆ పిల్లల్ని కూర్చోబెట్టుకుని భిన్నాలు మొదటినుంచి చెప్పాను. సప్లిమెంటరీలో చాలామంది గట్టెక్కారు.

ఇప్పుడు నేనూ రిటైరయ్యాను. నా మీద నాకు నమ్మకం అప్పటికీ ఇప్పటికీ ఏమీ తగ్గలేదు. కాకపోతే ఏ పనైనా చివర్లో చెడిందంటే, అక్కడ నిలబడి ఉన్న మనిషిని పక్కకి జరగమని, ముందు నేను కోసిన చోటు వెతుక్కుంటాను. చాలాసార్లు దొరుకుతుంది.