పదో తూటాకు చుట్టిన కాయితం

"అంచు మీద అంచు ఎక్కిందా, ఇగ ఆ గుండు చక్కగ పోదు. నడుమ సందు వడ్డా గంతే. రెండు చుట్లు తిరిగినంక రెండు అంచులు ఒకదాన్నొకటి ముట్టి ఊకోవాలె. ఇటు సూడు భాస్కర్, ఆ చాయ్ గ్లాసుల ఏముంది?"

భాస్కర్ గ్లాసు కింద పెట్టాడు. బోరు మోటార్లు బాగుచేసే మనిషి. తిమ్మాజిపేటలో ఖుర్షీద్ బేగం ఇంటికి మోటారు పని మీదే వచ్చాడు. అది నీళ్ళు పోయడం మొదలై గంట దాటినా, లేవబుద్ధి కాక అరుగు మీదే కూర్చున్నాడు. ఆమె తన చిటికెన వేలంత సీసపు గుండుకు తడిపిన పేపరు ముక్క చుడుతోంది. చుట్టగానే చిరిగింది. పక్కన పడేసింది.

"న్యూస్ పేపరు దీనికి పనికిరాదు. చెయ్యి మరువొద్దని చుడుతున్న."

"ఆదివారం ఇటిక్యాలల పెద్ద లొల్లి చేసిన్రట గదా చిన్నమ్మా?"

"లొల్లి చేసింది నేను గాదు, నా తుపాకి. మొదలుకెల్లి చెప్త, ఇను."

ఆమె తండ్రి ఫకీర్ తుపాకుల మిస్త్రీ. పల్లి చేలను అడవి పందుల నుంచి కాపాడుకునే రైతుల లైసెన్సు తుపాకులు ఎక్కడ మొరాయించినా ఆయన దగ్గరికే వచ్చేవి. ఆయన సొంతానికి ఉన్నది మాత్రం ఒక్కటే, ఒక తూటా పెట్టి ఒకసారి పేల్చే పాత రైఫిల్. దాన్ని ఏ జంతువు మీదా ఎత్తలేదు. గురి చూసి కొట్టే పందేలకే తీసేవాడు. నల్ల బారూదుతో, అంటే పాతకాలపు తుపాకి మందుతో పేలే ఆ రైఫిల్‌కు సరిపోయే తూటా ఏ దుకాణంలోనూ దొరకదు. ఇత్తడి గొట్టంలో బారూదు కొలిచి పోసి, మీద అట్ట బిళ్ళ వేసి, కాయితం చుట్టిన గుండును కూర్చోబెట్టాలి. కాయితం లేకపోతే సీసం తుపాకి గొట్టానికి రాసుకుని అంటుకుపోతుంది, వెనకాల వచ్చే గుండ్లన్నీ దారి తప్పుతాయి. ఆ కాయితం గుండును గొట్టం చివరిదాకా సాగనంపి, బయటపడగానే ముక్కలై రాలిపోవాలి.

పదేళ్ళ వయసు నుంచి ఆ కాయితాలు చుట్టింది ఖుర్షీదే. తండ్రి పేల్చి తుపాకి దించగానే ముందుకు ఉరికి, నేల మీద రాలిన ముక్కలు ఏరుకొచ్చేది. సన్నటి పీలికలు శుభ్రంగా దొరికితే గుండు బాగా పోయినట్టు. మాడిన తునక ఒక్కటే దొరికితే కాయితం గుండును వదల్లేదన్నట్టు. అట్ట మీది గురిని చూడకుండానే తండ్రికి చెప్పేది: "అబ్బా, ఇది పక్కకు పోయింది." ఆ మాట తప్పేది కాదు.

అట్లా నలభై ఏళ్ళు ముక్కలు ఏరింది. ఒక్కసారి కూడా తుపాకి మీట మీద వేలు పెట్టలేదు.

"ఆడపిల్లవని అబ్బా ఎన్నడు వద్దనలె. నాకు ఇయ్యమని నేనూ అడుగలె. గది నా తప్పే."

తండ్రి పోయాక తుపాకి పోలీస్ స్టేషన్లో జమ అయింది. వారసురాలిగా లైసెన్సు తన పేరు మీదికి మార్చమని సర్కారు దఫ్తరుకు పోయింది. "ఈ వయసుల నీకెందుకమ్మా, సర్కారుకు అప్పజెప్పి ఇంట్ల కూసో" అన్నారు. బావగారి కొడుకు ఉవైస్ ఇంకో దారి చెప్పాడు: "నా పేరు మీద చేయించు చాచీ, నీకెందుకు ఈ పరేషాన్?"

"తూటాల గుండు ముందుంటదా, ఎనకుంటదా? చెప్పు, చేయిస్త" అంది ఖుర్షీద్. ఉవైస్ మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

నాగర్‌కర్నూల్‌లో అర్జీలు టైపు కొట్టే సుభద్రమ్మ దగ్గరికి బస్సెక్కింది. నాలుగేళ్ళలో పంతొమ్మిది అర్జీలు. అసలుది దఫ్తరుకు పోయేది, ఉల్లిపొరంత పల్చటి కాయితం మీది నకలు ఈమె ఫైలులో చేరేది. పద్దెనిమిది సార్లు దళసరి కాయితం మీద ఒకే జవాబు వచ్చింది, తిరస్కరించడమైనది అని. పంతొమ్మిదోసారి లైసెన్సు వచ్చింది.

అప్పటి నుంచి ఇటిక్యాల దగ్గర రాతిగుట్ట కింద ఉన్న షూటింగ్ క్లబ్బుకు పోతోంది. ఆమె తుపాకి పేల్చుకోగల చోటు అదొక్కటే. అక్కడ అందరివీ కొత్త తుపాకులు. ఈమెది పేలితే గుట్టంతా పొగ. పైగా ప్రతి తూటాకూ ఆగి, తడిగుడ్డతో గొట్టం తుడుస్తుంది. వెనక నిలబడ్డవాళ్ళు విసుక్కున్నారు. చివరికి క్లబ్బు సెక్రటరీ దేవరాజు ఒక షరతు పెట్టాడు.

"పది తూటాలమ్మా. వంద మీటర్ల దూరం. పదికి పది కొబ్బరి చిప్పంత జాగల పడాలె. ఒక్కటి తప్పినా ఇగ పొగ తుపాకులు ఈడికి రావొద్దు."

"పదీ పడితే?"

"ఎవ్వలన్న నోరు తెరిస్తే నేను జవాబు చెప్త."

ఆదివారం అని మాటయింది. ఇంటికొచ్చి చూస్తే దాచుకున్న పల్చటి కాయితం అయిపోయింది. బేకరీలో కేకుల కింద పరిచే కాయితం తెచ్చి చుట్టింది. నున్నటి కాయితం, నీళ్ళు పీల్చదు, గుండును పట్టుకోదు. గురువారం క్లబ్బుకు పోయి ఐదు పేల్చి చూస్తే ఐదూ ఐదు దిక్కులు. ఏరిన తునకలన్నీ మాడి ఉన్నాయి.

వచ్చి అర్జీల ఫైలు తీసింది. చెదలు పట్టి సగం మట్టయింది. ఒక్క నకలు మిగిలింది, దానికీ బొక్కలే. కత్తెర తీసుకోగానే ఉవైస్ భార్య ముబషిరా చెయ్యి పట్టుకుంది.

"చాచీ, అవి సబూతులు! రేపు మళ్ళ ఎవ్వలన్న అడిగితే?"

"నేనున్న గద సబూతు. చెయ్యి ఇడువు."

బొక్కలు తప్పించి కోస్తే తొమ్మిది పట్టీలు వచ్చాయి. పదోదానికి లేదు. ఫైలు అడుగున దఫ్తరు జవాబు ఒకటి కనిపించింది, నలగకుండా.

"దాన్ని చెదలు గూడ ముట్టలే భాస్కర్! బండ కాయితమని తెల్సు. రెండు చుట్లు పట్టదని తెల్సు. అయినా ఒక్క చుట్టు చుట్టిన. ఇది నా చేతిల పేలాలె అనుకున్న."

ఆదివారం తొమ్మిది తూటాలు నింపాదిగా పేల్చింది. ఒక్కొక్క దానికి గొట్టం తుడిచింది. తొమ్మిదీ చిప్పలోనే. పదోది పేలింది. అట్ట మీద నాలుగు వేళ్ళంత బయట పడింది.

"తొమ్మిది" అన్నాడు దేవరాజు మెల్లగా. "నేను పది అన్న గదమ్మా."

"మంచిగైంది. ఆ పొగల మా గురి కనవడ్తలేదు" అన్నాడు వెనక నుంచి రంజిత్ అనే పిల్లగాడు.

"పొగ లేనప్పుడు గూడ నీకు కనవడలె బిడ్డా. నీ అట్ట సూసే వచ్చిన."

అందరూ తుపాకులు దించేదాకా ఆగి, ఖుర్షీద్ ముందుకు నడిచింది. వంగి ముక్కలు ఏరింది, చిన్నప్పటిలాగే. వచ్చి దేవరాజు ముందు అరచెయ్యి చాపింది. టైపు అక్షరాల పీలికలు, శుభ్రంగా ఉన్నాయి. వాటి నడుమ మాడిన దళసరి తునక ఒకటి. దాని మీద 'తిరస్క' అనేదాకా చదవొచ్చు.

"ఈ తొమ్మిది నా అర్జీ సారు. ఇది దఫ్తరోళ్ళ జవాబు. పక్కకు పోక ఏడికి పోతది?"

దేవరాజు నవ్వు ఆపుకోలేకపోయాడు. "చుట్టింది మీరే గద. మీ తప్పే గద."

"నాదే. అబ్బా ఉంటే నన్ను తిట్టెటోడు. కాయితం నేను తప్పు పెట్టిన, తుపాకి తప్పు చెయ్యలె. బయటికి పంపేదుంటే నన్ను పంపు, దాన్ని ఎట్ల పంపుతవ్?"

దేవరాజు మాడిన తునకను చాలాసేపు తిప్పి చూశాడు. "వచ్చే ఆదివారం. మళ్ళ పది. ఇదే ఆఖరు. కోపం మాత్రం ఇంట్ల పెట్టి రాండ్రి."

భాస్కర్ లెక్కేసుకున్నాడు. ఆదివారానికి ఐదే రోజులు.

"మరి కాయితం ఏది చిన్నమ్మా? చెదలు తినంగ మిగిలింది గూడ అయిపాయె గదా."

"గందుకే నిన్ను ఇంతసేపు కూసోవెట్టింది. చాయ్ ఊకనే పోసిననుకున్నవా?" ఖుర్షీద్ లేచి అతని టూల్స్ సంచి తెచ్చి చేతికిచ్చింది. "రేపు నాగర్‌కర్నూల్ పోతవు గద. సుభద్రమ్మ టైపు బంద్ వెట్టింది. మనుషులు తీస్కపోకుండ ఇడిసిన నకళ్ళు ఆమె ఇంట్ల అట్టపెట్టెల నిండ ఉన్నయంట. నా పేరు చెప్పి ఒక కట్ట అడుగు. దఫ్తరోళ్ళు కాదన్న అర్జీలే ఏరి తే."

"అయిన అర్జీలు పనికిరావా ఏంది?"

"కాయితం ఒకటే, పనికొస్తది. అయినా కాదన్నయే తే, అవన్న ఒక్కపారి చక్కగ పోయి తగలాలె. బుధారం పొద్దుగూకే లోపల తే బేటా, చుట్టి ఎండవెట్టాలె."