మా పైగదిలో పది ఆటలవాడు

బ్రిటన్‌లోని కార్డిఫ్‌లో మా ఇంటి పైగది అద్దెకివ్వాలనుకున్నప్పుడు ఎలాంటివాడు కావాలో మా ఆయనకు చాలా స్పష్టంగా తెలుసు. బాగా చదువుకునేవాడై ఉండాలి, మనవాడైతే మరీ మంచిది, వంటింట్లో వేలు పెట్టకూడదు. ఇన్ని షరతులూ పెట్టాక చివరికి వచ్చినవాడు ఒక నార్వే దేశస్థుడు. ముప్పై దగ్గరపడుతున్నా ఇంకా మాస్టర్స్ చదువుతున్నాడు. మనిషి ఎంత పొడవంటే మా గుమ్మం దాటాలంటే ప్రతిసారీ వంగాల్సిందే. ఆ వంగడాన్ని వినయమనుకుని మా ఆయన గది ఇచ్చేశాడని నా అనుమానం.

ఏం చేస్తుంటావని అడిగితే డెకాథ్లాన్ అన్నాడు. రెండు రోజుల్లో పది ఆటలు. పరుగెత్తాలి, దూకాలి, విసరాలి. ఒక్కోదానికి పాయింట్లు వేసి అన్నీ కూడతారు.

"ఈ పదింట్లో నువ్వు దేన్లో ఫస్టు?" అని మా ఆయన అడిగాడు.

"దేన్లోనూ కాదు," అన్నాడతను, అదేదో శుభవార్త చెబుతున్నట్టు నవ్వుతూ.

మా ఆయన వంటింట్లోకి వచ్చి గొంతు తగ్గించాడు. "పది సబ్జెక్టుల్లో అత్తెసరు మార్కులు తెచ్చుకోడానికి ఇంత కండెందుకే వీడికి?"

ఆయన్ని అనడానికేం లేదు. మేమిద్దరం విజయవాడ హాస్టల్ కాలేజీల్లో ఉడికి బయటపడ్డ సరుకు. అక్కడ మనిషికి పేరు తర్వాత, ర్యాంకు ముందు. ఆయన ఇక్కడి నగర కౌన్సిల్ ఆఫీసులో కంప్యూటర్లు చూసుకుంటాడు, నేను ఆసుపత్రిలో ఆపరేషన్లకు మత్తిచ్చే డాక్టర్ని. ఇన్నేళ్ళొచ్చినా కొత్తవాళ్ళెవరైనా పరిచయమైతే ముందు వాళ్ళు మాకంటే పైనా కిందా అని లోపల్లోపల లెక్కేసుకుంటాం. బయటికి మాత్రం టీ పోసి వాతావరణం గురించి మాట్లాడతాం.

తన కథ రోజూ పొద్దున పాలల్లో ఓట్స్ కలుపుకుంటూ కొంచెం కొంచెంగా చెప్పేవాడు. కుర్రతనంలో జావెలిన్ ఎంత దూరం విసిరేవాడంటే, మిగతా తొమ్మిదీ వదిలెయ్యమని కోచ్ బతిమాలాడట. వదల్లేదు. జూనియర్లలో ఒక పతకం వచ్చింది. ఆ తర్వాత చీలమండ పోయింది, అది బాగయ్యేసరికి భుజం పోయింది, భుజం కుదుటపడేసరికి మడమ. కెరీర్ అంటే ఇదే అని అతను అనేవాడు. మా ఆసుపత్రిలో దీన్ని కేసు హిస్టరీ అంటాం. అన్నీ కలిసొచ్చిన ఒక్క ఏడాదీ పెద్ద పోటీలో పోల్ వాల్ట్ దగ్గర, అదే గెడ ఊతంతో ఎగిరి పైన అడ్డంగా పెట్టిన కర్ర దాటే ఆట, మూడు అవకాశాల్లోనూ ఆ కర్ర పడగొట్టాడు. ఆ ఒక్క ఆటలో సున్నా, దాంతో మొత్తం గోవింద. ఈ కథ విన్నరోజు మా ఆయనకు వాడిమీద మొదటిసారి జాలి పుట్టింది. ఇంటర్లో ఒక్క సబ్జెక్టు పోతే ఏమవుతుందో ఆయనకు తెలుసు మరి.

మా ఇంటికి భోజనాలకొచ్చే తెలుగు స్టూడెంట్లను చూసి అతను కూడా నన్ను ఆంటీ అనడం మొదలుపెట్టాడు. అంత మనిషి పైనుంచి నన్ను చూసి ఆంటీ అంటుంటే ఒళ్ళు మండేది. కానీ నేను వేసిన ముద్దపప్పూ నెయ్యన్నమూ మారు మాట్లాడకుండా తినేవాడు కాబట్టి క్షమించాను.

రెండో ఏడాది వేసవిలో అసలు సంగతి వచ్చింది. యూరప్ పోటీలకు వాళ్ళ దేశం నుంచి ఒక్క చోటే మిగిలింది. దానికి మావాడూ, ఇతనికంటే చిన్నవాడైన ఇంకొకడూ. ఇద్దరూ కార్డిఫ్‌లో జరిగే స్పోర్ట్స్ మీట్‌కి వస్తారు, ఎవరి మొత్తం ఎక్కువైతే వాళ్ళు వెళతారు. "ఇది పోతే ఆపేస్తాను ఆంటీ. ఇంకో ఏడాదికి ఈ ఒళ్ళు రాదు," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. అసలు ఆ దేశస్థులకి ఏడుపన్నది నేర్పించరేమో అనుకున్నాను.

పరీక్ష సెంటరుకి బయల్దేరినట్టే బయల్దేరాం. పొద్దున్నే ఒక చెంచా పెరుగూ పంచదారా వాడి నోట్లో పెట్టాను. బాగుంది, ఇంకొంచెం వెయ్యమన్నాడు. పులిహోర, మడత కుర్చీలు, రాను రానంటున్న మా అమ్మాయి, అన్నీ కారెక్కాయి.

మొదటిరోజు మావాడిదే పైచేయి. మా ఆయనకు మింగుడుపడనిది వేరే ఉంది. ఆటకీ ఆటకీ మధ్య ఆ ఇద్దరూ ఒకే గొడుగు కింద, ఒకే చాప మీద పడుకుంటున్నారు. ఒకడి అరటిపండు ఇంకొకడు తింటున్నాడు.

"పోటీవాడి పక్కన పడుకుంటాడేంటే వీడు? బుద్ధుందా?"

మేం చదువుకున్న చోట పద్ధతి వేరు. మంచి గైడు దొరికితే దానికి న్యూస్‌పేపర్ అట్టేసి దాచేవాళ్ళం. సిలబస్ మూడుసార్లు తిరగేసినవాడు కూడా పరీక్ష హాలు బయట "నేనేం చదవలేదురా" అని గుండెలు బాదుకునేవాడు. విన్నవాడు ఆ మాట నమ్మేవాడు కాదు. అదే మాట తిరిగి అప్పజెప్పేవాడు.

రెండోరోజు మధ్యాహ్నం పోల్ వాల్ట్. మావాడు మొదటిసారి కర్ర పడగొట్టాడు. రెండోసారీ పడగొట్టాడు. ఇక ఒక్క అవకాశమే మిగిలింది. ఆపరేషన్ టేబుల్ మీద మనిషి బీపీ పడిపోతున్నా నేను అంత కంగారుపడను.

అప్పుడు చాప మీదనుంచి ఆ రెండోవాడు లేచాడు. తీరిగ్గా నడుచుకుంటూ వచ్చి, పరుగు మొదలుపెట్టే చోట నేల మీద అంటించిన టేపు గుర్తు చూశాడు. ఏదో చెప్పి, వంగి దాన్ని పీకి అర అడుగు వెనక్కి అంటించాడు.

మా ఆయన కుర్చీ ఎక్కేశాడు. "వాడి మాట వినకురోయ్! ముంచేస్తాడు! పాత గుర్తు నుంచే పరిగెత్తు!"

తెలుగులో అన్నం, చాలు తప్ప ఇంకేం రాని మావాడు అది ప్రోత్సాహమనుకుని బొటనవేలు పైకెత్తి చూపించాడు.

"డాడ్, సిట్ డౌన్. ఎవ్రీవన్స్ లుకింగ్," అంది మా అమ్మాయి, మేమెవరో తనకు తెలియనట్టు అటు జరిగి.

మావాడు కొత్త గుర్తు నుంచే పరుగెత్తాడు. కర్ర మీదనుంచి హాయిగా దాటేశాడు. నేను పులిహోర డబ్బా పట్టుకుని ఏడ్చేశాను. మా ఆయన కుర్చీ దిగి, "ఇందులో ఏదో మతలబుంది, చివర్లో తెలుస్తుంది చూడు," అన్నాడు.

చివరిది పదిహేను వందల మీటర్ల పరుగు. అప్పటికీ మావాడే కాస్త ముందున్నాడు. కానీ ఆఖరి చుట్టులో ఆ చిన్నవాడు దాటేసి వెళ్ళిపోయాడు. వెనకనుంచి మావాడు రావాలని చూశాడు. కాళ్ళు రాలేదు. గీత దాటి అందరూ గోనెసంచుల్లా కూలబడ్డారు. కాసేపటికి లేచి, గెలిచినవాడి నుంచి ఆఖరివాడి దాకా అందరూ ఒకరి చేతులొకరు పట్టుకుని, గ్రౌండంతా చుట్టి జనానికి వంగి వందనం చేశారు. ఆ తర్వాత బోర్డు మీద మొత్తాలు వచ్చాయి. చోటు చిన్నవాడికి వెళ్ళింది, అదీ కొద్దిలో.

మా ఆయన దారంతా లెక్కలేశాడు. వాడు నోరు మూసుకుని ఉంటే మధ్యాహ్నమే గెలిచేవాడు కదా, మరి ఎందుకు చెప్పాడు? ఎంత కూడినా కుట్ర తేలలేదు. దాంతో ఆయనకు ఇంకా కోపమొచ్చింది.

సాయంత్రం మావాడు ఆ గెలిచినవాడిని మా ఇంటికే భోజనానికి తీసుకొచ్చాడు. నేను కోడికూరలో కారం చెయ్యి జారినట్టు వేశాను. జారలేదు. ఆ అబ్బాయి కళ్ళమ్మట నీళ్ళు కారుతుండగా మళ్ళీ వడ్డించుకున్నాడు.

మా ఆయన ఇక ఉండబట్టలేక అడిగేశాడు. "నువ్వెందుకు చెప్పావయ్యా వాడికి?"

ఆ అబ్బాయికి ప్రశ్న అర్థం కాలేదు. "తప్పెక్కడుందో నాకు కనబడింది కదా," అన్నాడు, ముక్కు తుడుచుకుంటూ.

మా ఆయన పెరుగు గిన్నె అతని ముందుకు జరిపాడు.

అతను హోటల్‌కి వెళ్ళిపోయాక కూడా, ఇక్కడి వేసవి కదా, ఇంకా ఎండ ఉంది. మావాడు సింకు దగ్గర నిలబడి కడిగిన ప్లేటునే మళ్ళీ కడుగుతున్నాడు. భుజాలు కదులుతున్నాయి. రెండేళ్ళుగా నవ్వే తప్ప ఇంకేం తెలియదనుకున్న మనిషి వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. ఏదో ఒకటి అనాలని, "పోనీలే నాన్నా, వాడి స్థానంలో ఉంటే నువ్వూ చెప్పేవాడివి," అన్నాను.

అతను కుళాయి కట్టేశాడు.

"ఇదివరకైతే చెప్పేవాణ్ణి ఆంటీ. ఇవాళ వాడి కర్ర రెండుసార్లు పడి ఉంటే, నేను బూటు లేసు కట్టుకుంటున్నట్టు కూర్చునేవాణ్ణి. ఎందుకో తెలియదు, వాడు వచ్చి టేపు పీకుతున్నప్పుడే నాకు ఆ సంగతి తెలిసిపోయింది."

ఆ మాట విన్న క్షణంలో, మా ఇంట్లో ఉన్న ఇన్నాళ్ళలో మొదటిసారి, అతను అచ్చం మనవాడిలా, మా హాస్టల్లో ఉడికినవాడిలా అనిపించాడు. అందుకు నాకు ఎంత సిగ్గేసిందో చెప్పలేను. అతని చేతిలోంచి ప్లేటు తీసుకుని తుడవడం మొదలుపెట్టాను.