మోరీ చూపెట్టమన్న రాజవ్వ

నేను అయిదో తరగతి దాకానే చదివాను. ఇలా నలుగురూ చదివేది రాయడం ఇదే మొదలు. ఒత్తులు పెట్టేచోట ఇప్పటికీ చేయి ఆగిపోతుంది. తప్పులు కనబడితే అవి నావి. కోపం చేయకండి. నేను చెప్పే మనిషి మాత్రం చాలా గట్టిది.

ఈ పొద్దున బీడీ ఆకు మీద నీళ్లు చల్లి గోనెసంచి కప్పుతుంటే తడి ఆకు వాసన వచ్చింది. ఆ వాసనకు రాజవ్వ పెద్దమ్మ గుర్తొచ్చింది. ఆమె మా ఎదురింట్లో ఉండేది, నాలాగే బీడీలు చేసేది. సిరిసిల్లలో పుట్టి, కోరుట్ల పక్కనున్న మా ఊరికి కోడలై వచ్చింది. నాకు చుట్టం కాదు. నోరు పెద్దది, నవ్వు ఇంకా పెద్దది. మా ఆయన మస్కట్‌లో ఉంటాడు కాబట్టి, నాకు కోపం వచ్చినా ఏడుపు వచ్చినా ఆమె గడపలోనే కూర్చునేదాన్ని.

అప్పట్లో గట్టి వాన పడితే నీళ్లన్నీ మా గల్లీ ఇళ్లలోకి వచ్చేవి. ఆకు నానిపోయి బూజు పట్టేది. ఆ ఆకుతో చేసిన బీడీలను కార్ఖానాలో వాపసు కొట్టేవారు. ఒకసారి నా చిన్న బిడ్డ పడుకున్న చాప కిందికి నీళ్లు వచ్చాయి. ఇంకో వానాకాలం ఇలాగే గడిస్తే సొంత ఇల్లు వదిలి కిరాయికి పోవాల్సిందే అనుకున్నాను. పంచాయతీకి పోయి ఎన్నోసార్లు బతిమాలాం. కొత్తగా వచ్చిన కార్యదర్శి మర్యాదస్తుడే. కాగితాలు తిరగేసి, "మీ గల్లీ మోరీ పోయినేడే పూర్తయిందని ఉంది కదమ్మా" అన్నాడు. పై గల్లీ నుంచి బండలు కప్పిన మోరీ, అంటే మురికి కాలువ, ఒకటి వస్తుంది. అది ఎక్కడిదాకా పోతుందో మాలో ఎవరమూ చూడలేదు.

సమాచార హక్కు చట్టం కింద పంచాయతీని కాగితం రాసి అడగవచ్చని రాజవ్వ జగిత్యాలలో మహిళా సంఘం మీటింగులో విని వచ్చింది. ఆమెకు రాయడం రాదు కాబట్టి నేనే రాశాను. మా ఇళ్లలోకి నీళ్లు ఎందుకు వస్తున్నాయి, మమ్మల్ని ఎందుకు పట్టించుకోరు అని రాశాను. మీరడిగింది సమాచారం కిందికి రాదు, ఆఫీసులో ఉన్నదే అడగాలి అని జవాబు వచ్చింది. నాకు ఏడుపు వచ్చింది. రాజవ్వ నవ్వింది.

"గిదేందే, అత్త మీద అలిగిన కోడలు లెక్క రాసినవ్. ఎందుకు ఎందుకు అంటే ఎవలు చెప్తరు?"

"మరేం రాయాలె పెద్దమ్మా?"

"మీటింగుల సగం సేపు నిద్రవోయిన. ఒక్క ముచ్చట మాత్రం యాదికున్నది. కాగితమే గాదు, చేసిన పని సుత చూపెట్టుమనచ్చట. మోరీ యాడ మొదలైందో, యాడ కలిసిందో మాతోని నడిచి చూపెట్టుమని రాయి బిడ్డా."

రాశాను. పంచాయతీ వాళ్లు ఒప్పుకున్నారు. వాళ్లు వచ్చిన రోజు గల్లీలో ఎవరూ బీడీల చాట ముట్టలేదు. పిల్లలు గోడలెక్కి కూర్చున్నారు. రాజవ్వ కొత్త చీర కట్టుకుంది.

"గా చీరెందుకు పెద్దమ్మా?"

"పెండ్లి చూపులకు కట్టుకుంటం, మోరీ చూపులకు కట్టుకోవద్దా?"

కార్యదర్శి, ఇంజనీరు సారు వచ్చారు. ఇద్దరు మనుషులు గడ్డపారలతో పై గల్లీలో మొదటి బండ లేపారు. లోపల మోరీ బాగుంది. ఇంకోటి లేపారు, అదీ బాగుంది. "మంచిగనే ఉన్నది కదమ్మా" అని ఇంజనీరు సారు నవ్వాడు. మేమే తప్పుగా అనుకున్నామేమో, ఊరంతా నవ్వుతుందేమో అనిపించింది.

"ముంగటికి నడువుండ్రి సారు. మోరీ పోయినంత దూరం మనం గూడ పోదాం" అంది రాజవ్వ.

మా ఇంటి వెనక గోడ దగ్గర బండ లేపారు. అక్కడ మోరీ లేదు, మట్టి ఉంది. వాగులో కలిసిందని కాగితంలో ఉంది. వాగు దాకా చూస్తే తుమ్మచెట్లే. పై గల్లీ నీళ్లన్నీ తెచ్చి మా గోడకు వదిలేశారన్నమాట. ఇంజనీరు సారు వంగి చూశాడు. "కలువలేదమ్మా" అన్నాడు మెల్లగా.

"గా మాటనే రాయుండ్రి సారు. మా గంగ సదువుతది."

గంగ అంటే నేనే. ఆయన బండి సీటు మీద కాగితం పెట్టి అక్కడే రాశాడు. గల్లీ అంతా నా చుట్టూ మూగింది. 'అసంపూర్తి' అన్న మాట దగ్గర ఆగిపోయాను. రాజవ్వ నా వీపు మీద చేయి వేసింది. "ఆగకు, సదువు" అంది. కూడబలుక్కుని చదివేశాను. ముసలోళ్లు కూడా చప్పట్లు కొట్టారు. నా జన్మలో నాకు చప్పట్లు అదే మొదలు. ఆ రాత్రి అన్నం తినబుద్ధి కాలేదు, అంత సంతోషం.

వానాకాలం రాకముందే మోరీని వాగు దాకా తవ్వి కలిపారు. మొదటి పెద్ద వానకు అందరం గడపల్లో నిలబడి చూశాం. నీళ్లు బండల కింద చప్పుడు చేసుకుంటూ పోయాయి. ఒక్క ఇంట్లోకి రాలేదు.

రాజవ్వ పోయినేడు చనిపోయింది. ఈమధ్య కథలాపూర్‌లో మా చెల్లె పిల్లలు చదివే బడికి పోయాను. నీళ్ల ట్యాంకు కడిగామని అక్కడి సారు అన్నాడు. "ఎక్కి చూస్త సారు, నిచ్చెన తెప్పియ్యుండ్రి" అన్నాను. కొంగు బిగించి ఎక్కాను. ట్యాంకు అడుగు దాకా తేటగా కనబడింది. దిగి వచ్చి ఆ సారుకు దండం పెట్టాను. "మల్లచ్చే నెల గూడ రామ్మా, చూద్దువు" అన్నాడు ఆయన. పోతాను.

నాకు వచ్చినంతలో రాశాను. తప్పులున్నచోట మీరే దిద్దుకుని చదివి, నన్ను మన్నించండి.