ఆదివారం పూజలో మా తమ్ముడి పేరు

మా వీధిలో మురుగునీటి మోరీ పని చేయిస్తున్న కాంట్రాక్టరు ఒక పాత డీజిల్ జీపులో వస్తాడు. ఇంజను ఆపకుండానే మా గేటు ముందు నిలబెట్టి మేస్త్రీతో మాట్లాడతాడు. ఆ గరగర చప్పుడు కిటికీలోంచి వినబడగానే నా చేతిలో పని ఆగిపోతుంది. జీపు వెళ్లిపోయాక గానీ మళ్లీ పని అందుకోలేను. రిటైరై మనవలను ఎత్తుకుంటున్న ఈ వయసులో కూడా ఆ భయం నన్ను వదల్లేదు. అది వచ్చినప్పుడల్లా, నాకంటే ఎక్కువ భయపడిన ఒక మనిషి గుర్తుకొస్తారు.

ఆయన ఫాదర్ శౌరయ్య గారు. నకిరేకల్ దగ్గరి ఒక పల్లెలో పుట్టి, తొంభైల మొదట్లో అచ్చంపేటకు ఇవతల ఉన్న మా ఊరి చర్చికి గురువుగా వచ్చారు. చర్చిని ఆనుకుని ఉన్న మిషను బడి కూడా ఆయన చేతి కిందే ఉండేది. నేను అక్కడ తెలుగు టీచరును. ముస్లింల ఆడపిల్ల తెలుగు పద్యాలేం చెబుతుందని కమిటీలో ఎవరో అంటే, ఆయన వెనక బెంచీలో కూర్చుని నా పాఠం మొత్తం విని, మర్నాడే నాకు పదో తరగతి అప్పగించారు. సన్నగా, కొంచెం వంగి ఉండేవారు. కుక్కలంటే భయం. బజారుకు వెళ్లాలంటే కుక్కలు లేని సందు వెతుక్కుని చుట్టూ తిరిగి వెళ్లేవారు. పిల్లలు నవ్వితే తానూ నవ్వేవారు.

మా తమ్ముడు యూసుఫ్ సైకిల్ మీద బట్టల మూట కట్టుకుని, నల్లమలలో పెంటలనే చెంచు గూడేలు తిరిగి అమ్మేవాడు. ఒక మంగళవారం పట్టపగలు, బస్టాండు హోటల్లో చాయ్ తాగుతుంటే, పోలీసులు జీపులో ఎక్కించుకుపోయారు. అడవిలోని అన్నలకు సామాను మోస్తున్నాడని అనుమానమట. సైకిలు, బట్టల మూట హోటల్ గోడకు ఆనుకుని అట్లాగే ఉన్నాయి. స్టేషన్‌కు వెళితే ఆ పేరుగల మనిషే తమ దగ్గర లేడన్నారు. ఆ రోజుల్లో అట్లా పోయినవాళ్లలో కొందరి కబురు మళ్లీ పేపర్లో ఎదురుకాల్పుల వార్తగానే వచ్చేది. మా అమ్మీ పొద్దున్నే పక్కింటికి పేపరు పంపించి, ముందు వాళ్లను చదవమనేది.

మూడో రోజు ఫాదర్‌కు చెప్పాను. ఆయన తెల్ల అంగీ తొడుక్కుని నాతో స్టేషన్‌కు వచ్చారు. దారిలో రెండుసార్లు ఆగి చేతులు అంగీకి తుడుచుకున్నారు. లోపల బెంచీ మీద మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టారు. చివరికి ఎస్సై బయటికి వచ్చి, "ఫాదర్, మీ చర్చి మీరు జూస్కోండ్రి. గీ జాగా మీది కాదు" అన్నాడు. ఫాదర్ సరేనన్నట్టు తలూపి లేచారు. రోడ్డు మీదికి రాగానే గోడ పట్టుకుని వాంతి చేసుకున్నారు. నేను నీళ్లు తెచ్చి ఇస్తే, తాగి, సిగ్గుపడుతూ నోరు తుడుచుకున్నారు.

మర్నాడు బస్సెక్కి బిషప్ గారి దగ్గరికి వెళ్లారు. చర్చి తరఫున కలెక్టరుకు ఒక ఉత్తరం రాయమని అడిగారట. బిషప్ గారు చెడ్డవారు కారు. కాకపోతే ఆయన కింద ఎన్నో బళ్లు, హాస్టళ్లు ఉన్నాయి. అన్నింటికీ సర్కారు అనుమతులు కావాలి. పోయిన మనిషి మనవాడు కూడా కాదు, ఊరుకోమన్నారట. మనవాళ్లయితేనే మనుషులా అని తాను ఎదురు అడిగానని ఫాదర్ నాకు చెప్పారు. చెబుతున్నప్పుడు, ఏదో తప్పు చేసి వచ్చినవాడిలా కనిపించారు.

ఆ ఆదివారం పూజకు రమ్మని నాకు కబురు పంపారు. చివరి బెంచీలో తలమీద కొంగు కప్పుకుని కూర్చున్నాను. ప్రసంగం తర్వాత జనం కోసం ప్రార్థనలు చదువుతారు. ఒక్కో ప్రార్థన కాగానే అందరూ, "ప్రభువా, మా మొర ఆలకింపుము" అంటారు. రోగుల కోసం, వానల కోసం చదివాక, ఆయన కాగితం కిందికి దించి మా తమ్ముడి పేరు చెప్పారు. తండ్రి పేరు చెప్పారు. ఏ రోజు, ఏ హోటల్ ముందు, ఏ వేళకు జీపు ఎక్కించారో చెప్పారు. జనం అలవాటుగా మొర ఆలకింపుమన్నారు. ఏమన్నామో తర్వాత అర్థమై ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు.

రెండో ఆదివారం చర్చి ముందు పోలీసు జీపు నిలబడింది. ఇంజను ఆపలేదు. పూజ జరిగినంతసేపూ ఆ చప్పుడు పాటల కింద వినబడుతూనే ఉంది. మూడో ఆదివారానికి సగం బెంచీలు ఖాళీ. సంఘం పెద్దలు వచ్చి, పిల్లలు గలవాళ్లమని బతిమాలారు. ఫాదర్ వాళ్లమీద కోపగించుకోలేదు. పేరు చదవడం మాత్రం మానలేదు.

ఆ వారంలోనే బిషప్ గారి తరఫున ఒక పెద్ద ఫాదర్ వచ్చి నన్ను ఆఫీసు గదికి పిలిచారు. బల్లమీద టైపు చేసిన కాగితం ఉంది. మా కుటుంబం ఈ విషయంలో ఫాదర్ శౌరయ్య గారి సహాయం కోరలేదని, ఆయన సొంతంగా చేస్తున్నారని అందులో ఉంది. ఉద్యోగం పోతుందని ఆయన నోటితో అనలేదు. నేనింకా పర్మినెంటు కాలేదని మాత్రం గుర్తు చేశారు. రేపటిలోగా సంతకం పెట్టి ఇమ్మన్నారు. ఇంట్లో నా జీతమే ఆధారం. నేను ఆ కాగితాన్ని తిన్నగా ఫాదర్ దగ్గరికే తీసుకుపోయాను.

ఆయన చదివి, మడిచి, నా చేతికే ఇచ్చారు.

"సంతకం పెట్టమంటరా, ఫాదర్?" అన్నాను.

"నిజం చెప్పాల్నంటే పెడితే మంచిగుండునని ఉంది, టీచరమ్మా. నువ్వు పెడ్తే నాకు ఊకునే సాకు దొరుకుతది. పొద్దుగాల జీపు చూసిన కాడికెల్లి గేటు దాటలే. అందుకే నన్నడగకు. నాకు నా మీద నమ్మకం లేదు."

నన్ను ధైర్యంగా ఉండమని ఆయన చెప్పి ఉంటే బహుశా సంతకం పెట్టేదాన్ని. తన భయాన్ని దాచుకోకుండా నా ముందు పెట్టారు. మర్నాడు కాగితాన్ని సంతకం లేకుండానే పెద్ద ఫాదర్‌కు తిరిగి ఇచ్చాను. వేసవి సెలవుల తర్వాత నన్ను బడికి రానక్కర్లేదన్నారు.

నాలుగో ఆదివారం బిషప్ గారే పూజకు వచ్చారు. ఫాదర్‌ను పక్కన కుర్చీలో కూర్చోబెట్టారు. ప్రార్థనలు ఆయనకు బదులు, ఊళ్లో మతపాఠాలు చెప్పే ఉపదేశి చదివాడు. రోగుల ప్రార్థన అయింది, వానలదీ అయింది. ఉపదేశి కాగితం మడిచాడు. అప్పుడు ఫాదర్ కుర్చీ చేతులు పట్టుకుని లేచారు. మైకు లేదు. గొంతు అడుగడుగునా తెగిపోతుంటే పేరు, తండ్రి పేరు, రోజు, వేళ చెప్పారు. బిషప్ గారు కళ్లు మూసుకున్నారు. జవాబు ఎవరూ ఇవ్వలేదు. అక్క అయి ఉండి నేనే ఇవ్వాలనుకున్నాను, నాలుక కదల్లేదు. బయట జీపు చప్పుడు తప్ప ఏమీ లేదు. చివరికి, చర్చి ఊడ్చే మరియమ్మ అవ్వ కింద చాపమీద నుంచి, "ఆలకింపుము సామీ" అంది. ఆమె ఒక్కతే అంది.

పది రోజులకు యూసుఫ్‌ను ఇంకో ఊరి కోర్టులో హాజరుపరిచారు. ప్రాణంతో ఉన్నాడు. కుడికాలు ఈడ్చేవాడు. చాలా ఏళ్ల తర్వాత ఒక్కసారే చెప్పాడు. కళ్లకు గంతలు కట్టి ఉంచారట. ఒకరోజు ఎవడో వచ్చి, "గా ఫాదర్ నీకేమైతడు?" అని అడిగాడట. ఏమీ కాడన్నాడట. ఆ సాయంత్రమే గంతలు విప్పి అన్నం పెట్టారట.

ఫాదర్‌ను మా ఊరినుంచి తీసేశారు. ఎక్కడా ప్రసంగం చేయకూడదన్నారు. నాకు సర్కారు బడిలో ఉద్యోగం వచ్చాక, నల్గొండలో కిరాయి గదిలో ఉంటున్నారని తెలిసి వెళ్లాను. పోలీసులు తీసుకుపోయిన కొడుకుల కోసం వచ్చే అమ్మలకు అర్జీలు రాసిపెడుతున్నారు. నేను తలుపు కొడితే, ఎవరని రెండుసార్లు అడిగి, కిటికీలోంచి చూసి గానీ గొళ్లెం తీయలేదు. ఆ ఆదివారం నేను నోరు తెరవలేకపోయానని చెప్పి ఏడ్చాను. ఆయన చాయ్ గ్లాసు నా ముందుకు జరిపారు.

"నేను లేచింది ధైర్యం వచ్చి కాదు, టీచరమ్మా. వస్తదేమోనని ప్రార్థనలు అయ్యేదాంక ఎదురుచూసిన. రాలే. ఇగ ఉపదేశి కాగితం మడిచిండని లేచిన."

ఫాదర్ చనిపోయి చాలా ఏళ్లయింది. హెడ్‌మిస్ట్రెస్‌గా ఉన్నప్పుడు, చేయని తప్పుకు మా బడి ఆయమ్మను తీసేయమని అధికారి హుకుం ఇస్తే, కుదరదని అతని ముందే నిలబడి చెప్పాను. మాట మధ్యలో రెండుసార్లు తెగింది. అధికారి నవ్వాడు కూడా. నేను తెగినచోటి నుంచే మళ్లీ మొదలుపెట్టి చివరిదాకా చెప్పాను.