ఆ గేటు తీయించింది నేను

పెద్దమ్మ పోయిందని మా బాయిలర్ ఆపరేటర్ ఫోన్ చేసి చెప్పాడు. నేను అప్పుడు పటాన్‌చెరు మార్కెట్లో కూరగాయలు ఏరుకుంటున్నాను.

"సారూ, కల్లు దుకాణం పెద్దమ్మ పోయింది. పొద్దుగాల సీసాలు కడుక్కుంట కడుక్కుంట అట్లనే పక్కకు ఒరిగిందట. గుండె అన్నరు."

అయ్యో అన్నాను. ఆ మాట తర్వాత నాకు మొదట కలిగిన భావం ఏమిటో రాయడానికి సిగ్గుగా ఉంది. దుఃఖం కాదు. ఇక ఆమెకు తెలిసే వీలు లేదు కదా అన్న తేలిక. చేతిలో వంకాయ పట్టుకుని, ఒక మనిషి చావు విని తేలికపడ్డాను. ఆ వెంటనే నా మీద నాకే రోత పుట్టింది. వంకాయలు అక్కడే పెట్టేసి ఇంటికి వచ్చాను. ఇది రాయకపోతే ఆ తేలికే నాకు మిగులుతుందని రాస్తున్నాను.

పెద్దమ్మ నాకు చుట్టం కాదు. గుమ్మడిదల దగ్గర మా మందుల కంపెనీ ఉంది. దాని వెనక ఊళ్లో ఆమెది కల్లు దుకాణం. దుకాణమంటే చుట్టూ ప్రహరీ, ఒక ఇనుప గేటు, లోపల తాటికమ్మల పందిరి, నాలుగు సిమెంటు బెంచీలు. మరిది చెట్లెక్కి కల్లు దించుకొచ్చేవాడు. ఆమె వడకట్టి సీసాల్లో పోసేది. షిఫ్టు దిగినవాళ్లంతా ఆమెను పెద్దమ్మా అనే పిలిచేవారు.

మా నాన్న ఎప్పుడో కృష్ణా జిల్లా నుంచి ఇక్కడి ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగానికి వచ్చాడు. నేను ఇక్కడే పుట్టినా మా ఇంటి మాట మారలేదు, కల్లంటే ఉన్న చులకనా మారలేదు. షిఫ్ట్ ఇన్‌చార్జి అయిన కొత్తలో మా వాళ్లు బలవంతంగా తీసుకెళితే, సీసా మూతిని జేబు రుమాలుతో తుడిచాను. పందిట్లో అందరూ ఘొల్లుమన్నారు. పెద్దమ్మ నవ్వలేదు. ఇంకో సీసా తీసి నా కళ్లముందే రెండుసార్లు కడిగి, కల్లు పోసి ఇచ్చింది.

"కొత్తోనికి అనుమానం ఉంటది. నవ్వకుండ్రి" అంది వాళ్లతో.

ఆ రోజు నుంచి ఆ బెంచీ నాదైంది. నలభై ఏళ్లుగా ఉంటున్న ఊరు అప్పటిదాకా నాకు కిరాయి ఇల్లులానే ఉండేది. మా పక్కింటివాళ్లకు నేను ఆంధ్రా సారుని. ఆ పందిట్లో మాత్రం ఫలానా షిఫ్టువాడిని, అంతే.

ఆమెకు అందరి షిఫ్టులూ నోటికి వచ్చు. మధ్యాహ్నం డ్యూటీకి వెళ్లేవాడు వస్తే సీసా ఇచ్చేది కాదు. "మిషిన్ల చేయి పెట్టేటోనికి నేను పొయ్య. రేపు రా" అనేది. కొత్తగా వచ్చినవాడు ఉత్త కడుపుతో తాగుతుంటే ఉడకబెట్టిన శనగ గుడాలు ముందు పెట్టేది. ఎవరైనా సీసా పట్టుకుని మూలకు వెళ్లి కూర్చుంటే పిలిచి మనుషుల మధ్యన కూర్చోబెట్టేది. "ఒక్కనివే తాగేదానికి నా దగ్గరికెందుకు? నలుగురితోని మాట్లాడుకుంట తాగితేనే అది కల్లు" అనేది.

ఆమె భర్త చాలా ఏళ్ల క్రితం చెట్టు మీద నుంచి పడి, నడుము విరిగి మంచాన ఉండిపోయాడు. పందిరి వెనకే ఆయన గది. కిటికీ బెంచీల వైపు తెరిచి ఉండేది. మేం ఈ పక్క మాట్లాడుకుంటుంటే ఆయన ఆ పక్క నుంచి జవాబిచ్చేవాడు. ఏ కంపెనీలో ఎవరిని తీసేశారో, ఎవరి కూతురికి సంబంధం కుదిరిందో అన్నీ ఆయనకు ఆ కిటికీలోంచే తెలిసేవి. నేను ఆయన్ని పెదనాన్నా అనేవాణ్ని. "మీ దిక్కు తాటిచెట్లు గిట్లనే ఉంటయా సారూ?" అని ఎన్నోసార్లు అడిగాడు. ప్రతిసారీ కొత్తగానే అడిగేవాడు.

మొదటి లాక్‌డౌన్‌లో అన్నీ మూతపడ్డాయి గానీ కల్లు మూతపడలేదు. గీయడం ఆపితే చెట్టు చెడుతుందని మరిది రోజూ ఎక్కి కుండలు దించేవాడు. పెద్దమ్మ ఆ కల్లు తీసుకెళ్లి పెంట మీద పారబోసేది. డ్యూటీకి వెళుతూ చూసి, ఇదేం ఖర్మ పెద్దమ్మా అన్నాను. "కల్లు ఆగది బిడ్డా. మనిషే ఆగాలె" అంది. అప్పుడు ఆ మాట నాకు నచ్చింది. ఇంటికి వచ్చి మా ఆవిడకు కూడా చెప్పాను.

రెండోసారి లాక్‌డౌన్ పెట్టేనాటికి నాకు ఏ మాటా నచ్చడం మానేసింది. పొద్దున పది దాటితే దుకాణాలు బంద్. మా కంపెనీ మాత్రం అత్యవసరం కింద నడిచేది. బస్సులో నలభై మందిమి భుజాలు రాసుకుంటూ వెళ్లేవాళ్లం. బట్టలు మార్చుకునే గదిలో ఒకరి చెమట ఒకరికి అంటేది. అది తప్పు కాదట. షిఫ్టు దిగి నలుగురం ఒక బెంచీ మీద కూర్చుంటే తప్పట. వైన్ షాపుల ముందు పొద్దున్నే తోసుకునే జనాన్ని పోలీసులే వరసలో నిలబెట్టేవారు. టీ కొట్టు బెంచీలు మాత్రం తిరగేసి గొలుసు కట్టారు. పెళ్లికి ఇంతమంది, చావుకు ఇంతమంది. మా వాట్సాప్ గ్రూపులో అందరికంటే ఎక్కువగా దీని మీద మండిపడింది నేనే. ఆ కోపంలో న్యాయం లేదని ఇవాళ కూడా అనను. దాన్ని తీసుకెళ్లి ఎవరి గుమ్మం ముందు కుమ్మరించానన్నదే నా బాధ.

ఆ ఆదివారం నాకు పొద్దున షిఫ్టు. లేచేసరికి ఒళ్లు వెచ్చగా ఉంది. నా బదులు రావడానికి మనిషి లేడు. జ్వరం మాత్ర వేసుకుని వెళ్లాను. కంపెనీ గేటు దగ్గర నుదుటికి గురిపెట్టే యంత్రం నన్ను పట్టుకోలేదు. అప్పట్లో మాలో చాలామంది అలానే వెళ్లేవారు. మధ్యాహ్నం దిగేసరికి ఒళ్లు తేలికగానే ఉంది. బస్సు ఎక్కకుండా, మావాళ్లిద్దరి బండ్ల మీద నలుగురం పెద్దమ్మ దుకాణానికి వెళ్లాం. గేటుకు తాళం ఉంది.

"పొద్దుగాల రావాలె గద బిడ్డా, పార్సెల్ కట్టిద్దును. ఇప్పుడు కూసోవెడితే నా మీద కేసు" అంది గేటు అవతల నుంచి.

"పొద్దున మేం డ్యూటీలో ఉంటాం కదా. అరగంట కూర్చుని వెళ్లిపోతాం. గేటు తియ్యి పెద్దమ్మా."

"వద్దు బిడ్డా, ఇంటికి వోండ్రి."

"బస్సులో నలభై మందిమి కూర్చుంటే రాని రోగం నీ పందిట్లో నలుగురం కూర్చుంటే వస్తుందా?"

"నీ మాట అబద్ధమని నేనంటలేను. గని లోపల మంచాన మనిషి ఉన్నడు. ఆయన లేవలేడు, ఉరకలేడు. ఆ రోగం ఒస్తే ఆయన దిక్కే మొదలు సూస్తది."

అక్కడితో ఆగి ఉండాల్సింది. మా బాయిలర్ ఆపరేటర్ బండి వెనక్కి తిప్పుతున్నాడు కూడా. "ఇన్నేళ్లు మేం మనుషులం. ఇప్పుడు నీకు కూడా రోగాలమయ్యామా?" అన్నాను. ఆమె ముఖం ఎలా అయిందో నాకు గుర్తుంది. మాట పడని మనిషి ముఖం అది. ఏదో అనబోయింది. ఇంతలో కిటికీలోంచి పెదనాన్న గొంతు వినిపించింది.

"తియ్యవే. ఎండల నిలవడ్డరు. మనుషుల మొకం జూసి ఎన్ని దినాలాయె!"

ఆమె కిటికీ వైపు ఒకసారి, మా వైపు ఒకసారి చూసింది. తాళం తీసింది.

గెలిచినవాడిలా వెళ్లి నా బెంచీ మీద కూర్చున్నాను. సీసా నోటి దగ్గర పెట్టుకున్నాను. వాసన లేదు. మే నెల మధ్యాహ్నం, పొంగి నురగ కారుతున్న తాటి కల్లు, ముక్కు కింద పెట్టుకున్నా వాసన తగల్లేదు. నాలుక మీద ఎక్కడో కొంచెం పులుపు. పక్కవాళ్లు బాగుందంటూ తాగుతున్నారు. అదేమిటో నాకు అర్థమైంది. ఏడాదిగా టీవీలో చెబుతున్నదే. లేచి వెళ్లిపోవచ్చు. గేటు దగ్గర అంత మాట అన్నవాణ్ని, ఇప్పుడు లేస్తే ఏమని చెప్పాలి? మాస్కు పైకి లాక్కుని కూర్చున్నాను. తాగడానికి మళ్లీ కిందికి లాగాను.

"సారూ, జెర లోపటికొచ్చి నన్ను లేపి కూసోవెట్టు" అని పెదనాన్న పిలిచాడు. ఎప్పుడూ చేసే పనే. అప్పుడైనా, వద్దు పెదనాన్నా, నాకు ఒంట్లో బాగాలేదు అని ఉండొచ్చు. వెళ్లాను. చంకల కింద చేతులు వేసి లేపాను. ఆయన చెంప నా చెంపకు ఆనింది. "మంచిగనిపిస్తుంది సారూ, మీరొస్తే" అన్నాడు.

రెండు రోజులకు నాకు పాజిటివ్ వచ్చింది. ఆరోగ్య కేంద్రం నుంచి ఒకామె ఫోన్ చేసి, వారం రోజుల్లో ఎక్కడెక్కడికి వెళ్లారు, ఎవరెవరిని కలిశారు అని అడిగింది. కేసు పెడతారేమో, కంపెనీలో తెలుస్తుందేమో అని భయం. "కంపెనీ, ఇల్లు. అంతే మేడమ్" అన్నాను. ఆమె రాసుకుంది. ఆ ఒక్క జవాబు వేరేగా చెప్పి ఉంటే ఎవరో ఒకరు అదే రోజు ఆ గదికి వెళ్లేవారు.

పెదనాన్నకు జ్వరం వచ్చిన నాలుగైదు రోజుల వరకు మామూలు జ్వరమనుకున్నారు. ఊపిరి ఆడనప్పుడు పట్నం తీసుకెళ్లారు. ఆయన పోయాడని విన్నప్పుడు నేను ఇంట్లో తలుపు వేసుకుని ఇంకా ఒంటరిగానే ఉన్నాను. మనిషిని ఇంటికి ఇవ్వలేదట. పెద్దమ్మ దూరంగా నిలబడి మూటలాంటిది చూసి వచ్చిందట.

నా నుంచే అంటుకుందని రుజువేముంది అని నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. మిగతా ముగ్గురిలో ఎవరి నుంచైనా రావచ్చు, మరిది నుంచి రావచ్చు. రుజువు లేదు. రుజువు దొరక్కుండా చేసింది నేనే.

అన్నీ తెరిచాక చూడటానికి వెళ్లాను. పెద్దమ్మ నన్ను చూసి ఏడ్చింది.

"నాదే తప్పు బిడ్డా. ఎవరో తెచ్చిన్రని ఎందుకనాలె? నేను గేటు తీస్తినే. ఆయనంటే మంచంల ఉన్నోడు, మనుషులు గావాలనిపిస్తది. నా తెలివేమాయె?"

"నీ తప్పేం లేదు పెద్దమ్మా" అన్నాను. చెప్పాల్సింది వేరే. దాని బదులు ఈ మాట చెప్పి ఓదార్చినవాణ్నయ్యాను. వెళ్లేటప్పుడు ఆమె నా చేయి పట్టుకుని, "నీకు గూడ ఒచ్చిందట గద. పానం మంచిగుందా?" అని అడిగింది. నాకు ఎప్పుడొచ్చిందో, ఎక్కడి నుంచి వచ్చిందో అడగలేదు. అడగాలని తోచి ఉండదు.

దుకాణం మళ్లీ నడిచింది. ఆ కిటికీ మాత్రం మళ్లీ తెరవలేదు. పెద్దమ్మ గేటు దగ్గరే స్టూలు వేసుకుని కూర్చునేది. వచ్చిన ప్రతివాడి నుదుటి మీద చేయి వెనక్కి తిప్పి పెట్టి చూశాకే లోపలికి పంపేది. మాస్కులు పోయాయి, టీకాలు అయిపోయాయి, పెళ్లిళ్లకు వేలమంది వస్తున్నారు. ఆమె మాత్రం మానలేదు. "కరోనా ఎప్పుడో పోయింది పెద్దమ్మా" అని మా వాళ్లు నవ్వేవారు. "మీకు పోయింది" అనేది. నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆమె చేయి నా నుదుటి మీద ఉన్నంతసేపూ నేల చూసేవాణ్ని. అలా వెళ్లడం తగ్గించాను. డ్యూటీలు ఎక్కువయ్యాయని చెప్పేవాణ్ని.

పోయినేడు ఒక మధ్యాహ్నం వాన పట్టుకుంటే పందిట్లో ఆమే, నేనే. ఇంతకంటే అదను దొరకదనుకున్నాను. "పెద్దమ్మా, ఆ ఆదివారం నాకు..." అన్నాను. తలెత్తి చూసింది. పూర్తిగా వినడానికి సిద్ధపడ్డ చూపు. "...ఎండ బాగా ఉండింది కదా ఆ రోజు" అన్నాను.

"ఆ, ఎండనే" అంది. కాసేపు చూసి మళ్లీ శనగలు ఏరుకోవడంలో పడింది.

పెద్దమ్మ దినాలకు వెళ్లాను. కర్మలన్నీ ఆమె కూతురే దగ్గరుండి చేయించింది. ఆమెను ఇస్మాయిల్‌ఖాన్‌పేటలో ఇచ్చారు. వంటల దగ్గర ఒంటరిగా ఉన్నప్పుడు పక్కకు పిలిచి అంతా చెప్పాను. మాత్ర, వాసన, లేపి కూర్చోబెట్టడం, ఫోన్‌లో చెప్పిన అబద్ధం. చెబుతున్నంతసేపూ ఆమె చేతిలో గరిటె కదల్లేదు. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననే ఆశ కూడా ఉంది.

"నాకెందుకు చెప్తున్నరు సారూ" అంది చివరికి. "అవ్వకు చెప్పకపోతిరి. ఒక్క మాట. ఆయనను నేనే చంపుకున్న అని ఎన్నిసార్లు ఏడ్సిందో మీకు దెల్సా?"

వెనక్కి తిరిగాను. గేటు వైపు నడుస్తుంటే వెనక నుంచి, "తినకుండ పోవద్దు. కూసోండ్రి" అంది.

వరసలో కూర్చున్నాను. ఆమే వడ్డిస్తూ వచ్చింది. ప్రతి విస్తరి దగ్గర ఆగి, "ఇంకొంచెం పెట్టాల్నా? తినుండ్రి, అవ్వ పేరు మీద" అంటోంది. నా దగ్గరికి వచ్చి అన్నం పెట్టింది, కూర పోసింది, ముందుకు జరిగింది. నా పక్కన కూర్చున్న ముసలాయన దగ్గర ఆమె గొంతు మళ్లీ వినిపించింది. "ఇంకొంచెం పెట్టాల్నా తాతా?"

"సాలు బిడ్డా" అన్నాడాయన. నేను విస్తరి వైపు చూస్తూ, అన్నం మీద ఆవిరి తగ్గిపోతుంటే, చేయి పెట్టలేక కూర్చున్నాను.